బేరం తెగని వజ్రం

జూన్ 12, 2025

మధ్యాహ్నం అనుపమ నిద్రపోతుండగా ఉంగరపు వేలికి దారం చుట్టి, కొసలు కలిసిన చోట పెన్నుతో చుక్క పెట్టాను. మెలకువ రాకుండా కొలత తీశాననే అనుకున్నాను. కళ్లు తెరవకుండానే, "ఏందండీ, నాకు మళ్ల పెండ్లి చేస్తున్నరా?" అంది.

పట్టుబడ్డాక దాచేదేముంది? నీకు వజ్రపుటుంగరం కొంటున్నానని చెప్పేశాను. పెద్ద రాయి, మంచి రాయి. ఒక కన్ను తెరిచి నన్ను చూసి, "జల్ది కొనుండ్రి మరి" అని అటు తిరిగి పడుకుంది.

పోయిన వారం ఆసుపత్రిలో ఆమెకు మందు ఎక్కిస్తున్నప్పుడు ఎదుటి మంచం మీద ఒకావిడ ఉంది. సూది గుచ్చిన చేతికే శనగగింజంత వజ్రం. కిటికీలోంచి ఎండ పడితే పైకప్పు మీద రంగురంగుల చుక్కలు. మందు అయ్యేవరకూ అనుపమ ఆ చుక్కల్నే చూస్తూ పడుకుంది. ఇంటికొస్తుంటే ఆటోలో, "నాకు సుత అసుంటిది కావాలె" అంది. ముప్పై ఏళ్లలో ఫలానాది కావాలని ఆమె నోరు తెరిచి అడగడం ఇదే మొదలు. నేను తెచ్చినవన్నీ ఆమెకు నచ్చేవి. నచ్చేవనే అనుకుంటున్నాను.

ఉదయం డాక్టరు నన్నొక్కణ్నే గదిలోకి పిలిచి చాలాసేపు మాట్లాడాడు. మందులు మార్చాడు. కొత్త సంగతులేం లేవు.

జూన్ 15

రెండు రోజులు ఫోన్లో వజ్రాల గురించే చదివాను. బరువు చూసి మురిసిపోకూడదు. కోత ముఖ్యం, కోత బాగుంటేనే రాయి వెలుగుతుంది. రెండు క్యారెట్లు నిండగానే ధర ఒక్కసారిగా ఎగురుతుంది, నిండడానికి వెంట్రుకవాసి తక్కువున్నది తీసుకుంటే కంటికి తేడా తెలియదు, జేబుకు తెలుస్తుంది. భూతద్దంలో కనిపించే మచ్చకు భయపడనక్కర్లేదు. రాయి విడిగా కొనాలి, బంగారం పని విడిగా చేయించుకోవాలి. సర్టిఫికెట్ మీది నంబరు రాయి అంచున కూడా చెక్కి ఉంటుంది, రెండూ సరిపోవాలి.

మోండా మార్కెట్ దగ్గర ఇన్నేళ్లుగా స్టీలు సామాన్లు అమ్ముతున్నాను. గిన్నెను వేలితో కొట్టి చప్పుడు విని ఏ ఊరి సరుకో చెప్పగలను. నన్ను మోసం చేసి వజ్రం అమ్మేవాడు ఇంకా పుట్టలేదు.

జూన్ 17

పాట్ మార్కెట్‌లో తుకారాం సేఠ్ కొట్టు నుంచి ఒక రాయి తెచ్చాను. కొనలేదు, చూడ్డానికి తెచ్చాను. మా నాన్న నాటి పరిచయం కనుక నమ్మకం మీద ఇచ్చారు. తెల్ల కాగితంలో మడిచిన పొట్లం, విప్పితే లోపల పలచటి నీలం కాగితం, దాని మీద రాయి.

మా ఇళ్లలో వజ్రాన్ని చూసి కొనరు, ఇంట్లో పెట్టుకుని చూసి కొంటారు. వజ్రం అందరికీ అచ్చిరాదు. మూడు రోజులు దేవుడి గూట్లో ఉంచాలి. ఆ మూడు రోజుల్లో ఇంట్లో మంచి జరిగితే కొనాలి, చెడు జరిగితే మారు మాట్లాడకుండా తిరిగి ఇచ్చేయాలి. అప్పటిదాకా ఎవరూ వేలికి తగిలించకూడదు. మా కమలాబాయి అక్క ఈ విషయంలో పోలీసు. బొల్లారం నుంచి పొద్దున్నే ఫోన్ చేసి, "కిషనూ, పరీక్ష పెట్టకుండ కొన్నవనుకో, నీ ఇంట్ల నేను నీళ్లు సుత తాగ" అంది.

అనుపమ పొట్లం విప్పమని అడిగింది. చూపించాను. చూపుడు వేలు దగ్గరికి తెచ్చి, తాకకుండా ఆపింది.

"ఒక్కసారి పెట్టుకుంట. మీ అక్కకు చెప్పకుండ్రి."

"మూడు రోజులే గదా అనూ."

"మూడు రోజులే గదా" అంది ఆమె కూడా. అదే మాట ఆమె అంటే వేరేగా వినిపించింది.

జూన్ 18

జ్వరం.

జూన్ 21

రెండు రోజులు ఆసుపత్రిలోనే ఉన్నాం. ఇవాళ ఇంటికి పంపారు. ఆమెను ఇంట్లో దించగానే నేరుగా సేఠ్ దగ్గరికి వెళ్లి రాయి ఇచ్చేశాను. ఆయన ఏమీ అడగలేదు. "బహెన్ ఎట్లున్నరు?" అని మాత్రం అన్నారు. బాగానే ఉందన్నాను.

రాయి ఇంట్లోంచి వెళ్లిన సాయంత్రమే ఆమె గంజి తాగింది. అక్కవి చాదస్తాలని నవ్వేవాణ్ని.

జూన్ 28

ఆషాఢం వచ్చింది. ఈ నెల మనవాళ్లెవరూ నగలు కొనరు గనుక కొట్లన్నీ బోసిపోతాయి, ధరలు దిగుతాయి. తొందరపడి ముందే కొననందుకు నన్ను నేను మెచ్చుకున్నాను. తుకారాం సేఠ్ ఇంకో రాయి చూపించారు. మొదటిదాని కంటే తెలుపు. రేపు తెస్తాను.

జూలై 2

ఈ మూడు రోజులూ ఎంత బాగా గడిచాయో రాయకుండా ఉండలేను. మొదటి రోజు అనుపమ తనే లేచి తల దువ్వుకుంది, ఉన్న ఆ కాస్త జుట్టునీ. రెండో రోజు జొన్నరొట్టె కావాలంది, సగం తింది. మూడో రోజు పక్క ఫ్లాటు సలోమి వస్తే ఇద్దరూ ఒకటే నవ్వులు. వీళ్లిద్దరూ మారేడ్‌పల్లిలోని ఒకే బడిలో పాతికేళ్లు పాఠాలు చెప్పారు. ఆ రోజుల్లో వీళ్ల హెడ్‌మాస్టర్ విగ్గు గాలికి లేచిన సంగతి మళ్లీ చెప్పుకున్నారు. నేను వంద సార్లు విన్నాను. వంటింట్లో నిలబడి మళ్లీ విన్నాను.

రాయి అచ్చొచ్చింది. ఇక అనుమానం లేదు. రేపు వెళ్లి బేరం తెగ్గొట్టేస్తాను.

జూలై 3

తెగలేదు. సేఠ్ ధర దించనంటారు. నేను చెప్పిన దానికీ ఆయన చెప్పిన దానికీ మధ్య మరీ అంత దూరం లేదు, నిజమే. అయినా ఆషాఢంలో కూడా దించకపోతే ఎట్లా? రాయి ఆయన బల్ల మీద పెట్టి లేచి వచ్చాను. వ్యాపారంలో లేచి రావడం తెలిసినవాడికే సరైన ధర దొరుకుతుంది. నాలుగు రోజులు పోతే ఆయనే ఫోన్ చేస్తాడు.

అనుపమ అడిగింది, "ఏమైంది?"

"తిప్పుతున్నాడు. వస్తాడు దారికి."

"అచ్చొచ్చిందంటిరి గద."

"అచ్చొచ్చిందని ఎంత చెప్తే అంత ఇస్తామా?"

రాత్రి ఆమె తిన్నది కక్కుకుంది. మధ్యాహ్నం ఎండ ఎక్కువగా ఉంది, అందుకే.

జూలై 15

సేఠ్ ఫోన్ చేయలేదు. బోనాల రద్దీ తగ్గాక నేనే వెళ్లాను. ఆ రాయి అమ్ముడుపోయింది. బేగంపేట వాళ్లెవరో కోడలికి తీసుకున్నారట.

"మీ కోసం వారం రోజులు పక్కకు పెట్టిన హరికిషన్ భాయ్. ఒక్క ఫోన్ చేస్తరని చూసిన" అన్నారు సేఠ్.

చేయాల్సింది ఆయనే అని నేను అనుకున్నాను. ఇంటికి వచ్చేటప్పుడు నడిచే వచ్చాను. ఎవరింట్లోనో ఆ కోడలు ఆ రాయి పెట్టుకుని హాయిగా జొన్నరొట్టెలు తింటూ ఉంటుంది. నాకు ఆమె మీద, ముఖమైనా తెలియని ఆమె మీద, చచ్చేంత కోపం వచ్చింది.

అనుపమకు అమ్ముడుపోయిందని చెప్పలేదు. దానిలో ఏదో మచ్చ బయటపడిందని చెప్పాను.

జూలై 22

దారం మళ్లీ చుట్టి చూశాను. చుక్క చాలా అవతలికి పోయింది. దారాలు సాగుతాయి, నూలు దారంతో కొలవడం నాదే బుద్ధితక్కువ. ఈసారి కాగితం పట్టీతో తీశాను.

జూలై 27

కాగితం పట్టీ కూడా సరిగ్గా రాలేదు.

ఆగస్టు 4

మూడో రాయి. చాలా మంచి రాయి. మామూలు వెలుగులో తెల్లగా ఉంటుంది, ప్రత్యేకమైన దీపం కింద పెడితే నీలంగా మెరుస్తుంది. అట్లా మెరిస్తే ధర తగ్గిస్తారు, కంటికి మాత్రం ఏ లోపమూ తెలియదు. తెలిసినవాళ్లు ఇట్లాంటిదే ఏరుకుంటారు. ఈసారి ధర కూడా నేను చెప్పినట్టే వచ్చింది. సేఠ్ కాదనలేదు, తల వంచుకుని సరే అన్నారు. నాకు గెలిచినట్టు అనిపించాలి.

సలోమి చూసి, "మా క్రిస్టియన్లల్ల రాయికి పరీక్షలు గిట్ల లేవన్నా. నచ్చితే కొంటం, ప్రార్థన చేసి పెట్టుకుంటం. ఇప్పుడే పెట్టు అనుపమకు" అంది. నేను పొట్లం మడిచి దేవుడి గూట్లో పెట్టేశాను.

ఆగస్టు 7

మూడు రోజులూ ఏమీ కాలేదు. మంచీ కాలేదు, చెడూ కాలేదు. అనుపమ ఎక్కువసేపు పడుకునే ఉంది.

ఆగస్టు 8

ఉదయం లెన్సు పెట్టి రాయి అంచున ఉన్న నంబరు చూశాను. చివరి అంకె ఎనిమిదో మూడో తేల్చుకోలేకపోయాను. సర్టిఫికెట్‌లో ఎనిమిది ఉంది. అనుమానం వచ్చాక కొనకూడదు. తిరిగి ఇచ్చేశాను.

తుకారాం సేఠ్ తన యంత్రం కింద పెట్టి చూపించారు. ఎనిమిదే. "చూడుండ్రి, ఎనిమిదే గదా" అన్నారు. నాకు మూడులాగే కనిపించిందన్నాను. ఆయన యంత్రం దీపం ఆర్పి, నా భుజం మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి తీసేసి వచ్చాను. బేరం దగ్గర ఈ భుజాలు తట్టడాలేమిటి?

ఇంటికి వచ్చేసరికి అనుపమ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది.

"ఈ రాయి ఏం తప్పు చేసింది?"

"నంబరు సరిపోలేదు."

"పాపం" అంది. ఎవరి గురించో నేను అడగలేదు.

ఆగస్టు 14

డాక్టరు ఇక ఆసుపత్రికి తీసుకురావద్దన్నాడు, ఇంటికే నర్సును పంపుతానన్నాడు. మంచిదే. పొద్దున ట్రాఫిక్‌లో అంత దూరం ఆటోలో ఆమెకు తక్లీఫ్.

ముంబైలో పెద్ద వ్యాపారుల దగ్గర నేరుగా కొంటే ఇంకా కలిసొస్తుందని చదివాను. వినాయక చవితి అయ్యాక ఒకసారి వెళ్లి రావాలి.

ఆగస్టు 19

రాస్తుంటే పెన్ను కాగితాన్ని చింపుతోంది. కోపంతోనే.

కొట్టు నుంచి వచ్చేసరికి ఇంటికి తాళం ఉంది. సలోమి ఫ్లాటుకూ తాళమే. ఇద్దరూ ఫోన్ ఎత్తడం లేదు. పరేషాన్ అయి వీధిలో నిలబడి ఉంటే ఆటో వచ్చి ఆగింది. సలోమి ముందు దిగి, అనుపమను దాదాపు ఎత్తుకున్నట్టు దించింది. అనుపమ చుట్టాల పెండ్లికి వెళ్లినట్టు గద్వాల చీర కట్టుకుని ఉంది. చెయ్యి ముందుకు చాపింది. వేలికి ఉంగరం, ఉంగరానికి రాయి. వదులుగా ఉందని ఉంగరం అడుగున తెల్ల దారం వరసలు వరసలుగా చుట్టారు.

"తుకారాం సేఠ్ దగ్గర తెచ్చిన. చేసిపెట్టిన ఉంగరమే. నా రిటైర్మెంట్ పైసలు" అంది.

"ఎంత?"

చెప్పింది.

"ఎంత తగ్గించాడు?"

"తగ్గించలె. ఆయన చెప్పిండు, నేను కార్డు ఇచ్చిన."

వీధిలోనే అరిచాను. బేరమే ఆడకుండానా, కనీసం విడిగా రాయి ధరెంత అని అడగకుండానా, సేఠ్ నీ ముఖం చూసి నోటికొచ్చింది చెప్పి ఉంటాడు, ఇంట్లో నేనొకణ్ని ఉండి ఏం లాభం, పరీక్ష కూడా పెట్టకపోతివి అన్నాను. వాచ్‌మన్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. సలోమి, "అన్నా, ఆమె నిలబడలేకపోతున్నది. లోపల కొట్లాడుండ్రి" అంది.

మంచం మీద కూర్చోబెట్టాను. చెప్పులు విప్పాను. ఆయాసం తగ్గేదాకా ఆగి, ఆమె నా తల మీద చెయ్యి పెట్టి అంది:

"మీరు బేరం చేస్తే ఎప్పటికీ అయిపోదు. నాకు తెలుసు మీ సంగతి. రాయి కొంటే ఇగ నేను పోతనని మీకు భయం. అందుకే ఒక్కటి సుత నచ్చుతలేదు మీకు."

"పిచ్చి మాటలు మాట్లాడకు."

"సరే, పిచ్చిదాన్నే. కానీ నేను పెట్టుకోవాలె గద. చెయ్యి ఉన్నప్పుడే పెట్టుకోవాలె గద."

చెప్పులు ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకునే వంటింట్లోకి వెళ్లాను.

ఆగస్టు 20

అక్కకు ఫోన్లో చెప్పాను. "పరీక్ష పెట్టకుండనా!" అని ఫోన్ పెట్టేసింది.

ఆగస్టు 21

"ఎక్కువ పెట్టిన్నా?" అని పొద్దుటి నుంచి అనుపమ అడుగుతోంది. పోట్లాటకు కాదు, నిజంగానే తెలుసుకోవాలని. "మీకు తెలుస్తది గద, వేరే షాపుల చూపించి రాండ్రి" అని ఉంగరం తీసి నా చేతిలో పెట్టింది. వదులుగా ఉంది కదా, తీయడానికి ఏ కష్టమూ పడలేదు.

జనరల్ బజార్‌లో తెలిసిన వాళ్ల దగ్గరికి తీసుకెళ్లాను. రాయికి ఏ వంకా పెట్టలేకపోయారు. కోత, రంగు, అన్నీ మంచివే. ధర చెప్పగానే కొట్టు యజమాని కళ్లద్దాలు తీసి నన్ను చూసి, "మీరు కొన్నరా ఈ ధరకు?" అన్నాడు. ఇంకోచోట అడిగాను. అక్కడా అంతే. ఆ ఎక్కువ పెట్టిన డబ్బుతో మా కొట్లో సగం సరుకు వస్తుంది. నా జీవితంలో ఏ వస్తువుకూ ఇంత మోసపోయి ఎరగను.

తుకారాం సేఠ్ దగ్గరికి వెళ్లి చొక్కా గల్లా పట్టుకుందామని పాట్ మార్కెట్ దాకా వెళ్లాను. కొట్టు కనిపిస్తోంది. అప్పుడు గుర్తొచ్చింది, ఉంగరం నా జేబులో ఉంది, ఆమె వేలు ఖాళీగా ఉంది. వెనక్కి తిరిగాను.

అనుపమ తలుపు వైపే చూస్తూ పడుకుని ఉంది.

"చెప్పుండ్రి."

"రెండు చోట్ల అడిగాను. తక్కువకే వచ్చిందంటున్నారు. నేను వెళ్లినా ఈ ధరకు తేలేకపోయేవాణ్ని."

"నిజం?"

"నీ మీద ఒట్టు" అన్నాను. నోటికి వచ్చేసింది. ఒట్టు వేయకూడని మనిషి మీద, వేయకూడని రోజుల్లో వేశాను.

ముఖమంతా నవ్వింది. వెంటనే సలోమికి ఫోన్ చేసి, "నేను చెప్పలే? నాకు సుత వస్తది బేరం. అడగకపోతెనే తగ్గిస్తరు మగవాళ్లు" అంది. ఉంగరం తొడిగాను. దారం ఇంకో రెండు చుట్లు వేయాల్సి వచ్చింది.

ఆగస్టు 25

ఉదయం ఎండ మంచం మీదికి వస్తుంది. ఆమె చెయ్యి అటూ ఇటూ తిప్పుతుంది. కప్పు మీద చుక్కలు పరుగెడతాయి. నర్సు గ్లూకోజు సీసా మార్చడం మానేసి కాసేపు తనూ చూసింది. నన్ను పక్కన పడుకోమంది అనుపమ. కొట్టు తెరవలేదు. ఇద్దరం పడుకుని చూశాం.

"ఆ పచ్చది మీది" అంది. "ఎర్రది నాది. చూడుండ్రి, ఎవరిది ముందు గోడ దాటుతదో."

నాదే దాటింది. తొండి ఆడుతున్నానంది.

ఆగస్టు 29

చెయ్యి ఎత్తలేకపోతోంది. నేను పట్టుకుని తిప్పుతున్నాను.

సెప్టెంబర్ 2

మబ్బు. ఎండ లేదు. టార్చిలైటు వేశాను. చూసిందో లేదో.

సెప్టెంబర్ 5

పొద్దున్నే పోయింది అనుపమ.

సెప్టెంబర్ 16

నిన్నటితో తంతులన్నీ అయిపోయాయి. చుట్టాలు వెళ్లిపోయారు, అక్క మాత్రం ఉంది. ఆ రోజు స్నానం చేయించేటప్పుడు ఉంగరం తీసింది అక్కే. కొంగున ముడి వేసుకుని ఇన్ని రోజులూ తన దగ్గరే ఉంచుకుంది, నన్ను ముట్టుకోనివ్వలేదు.

ఉదయం తుకారాం సేఠ్ వచ్చారు. కుర్చీ అంచున కూర్చున్నారు. సలోమి టీ ఇస్తే తాగలేదు. గ్లాసు పక్కకు జరిపి, "హరికిషన్ భాయ్, నేనొక మాట చెప్పాలె" అన్నారు.

"మీ అలవాటు నాకు తెలుసు. మీరు సగానికి అడుగుతరని, మీ ఇంటికి ఏ రాయి చూపించినా ధర పెంచే చెప్తుంటి. ఆ రోజు బహెన్ వచ్చిన్రు. అలవాటు కొద్దీ అట్లనే చెప్పిన, అడుగుతరు, దించుదాం అని. ఆమె ఒక్క మాట అనలే. కార్డు నా చేతుల పెట్టిన్రు. తగ్గిస్తనని చెప్పబోయిన. 'వద్దు భాయ్, టైమ్ లేదు' అన్నరు. ఆ దినం నుంచి నాకు నిద్ర సరిగ లేదు. ఉంగరం ఇచ్చేయుండ్రి. తీసుకున్నదంతా, ఒక్క పైసా తక్కువ కాకుండ వాపస్ ఇస్త."

చెక్కు కూడా రాసుకుని తెచ్చారు. బల్ల మీద పెట్టారు. పెట్టుకుని వాడిన నగకు పెట్టినంతా తిరిగి రావడం పాట్ మార్కెట్ పుట్టాక జరిగి ఉండదు. ఇంతకన్నా మంచి బేరం నాకు ఈ జన్మలో రాదు.

అక్క కొంగు ముడి విప్పుతూనే ఉంది. "ఇచ్చెయ్యి కిషనూ. అది అచ్చిరాని రాయి. పరీక్ష పెట్టకుండ తెచ్చింది, పట్టుమని నెల తిరగలే. ఇంట్ల ఉంచకు, నీకు సుత ఏమన్నయితది" అంది.

ఆమె అరచేతిలో నుంచి ఉంగరం తీసుకున్నాను. దారం ఇంకా అట్లాగే ఉంది, పసుపు అంటి. చెక్కు మడిచి సేఠ్ జేబులో పెట్టాను. "మీరు సరైన ధరే చెప్పారు సేఠ్. మా ఆవిడ బేరం చేసి మరీ తెచ్చింది" అన్నాను. ఆయన కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయారు.

అక్క నన్ను తిట్టడం మొదలుపెట్టింది. ఆ రాయే మింగిందంది. మొదటి రాయి తెచ్చిననాడే తను చెప్పానంది. ఆగమన్నాను. ఆగలేదు.

"రాయిదేం లేదక్కా" అన్నాను. "అనుపమ పోయేదే. రాయి కొన్నా పోయేదే, కొనకపోయినా పోయేదే. నాకు జూన్‌లోనే డాక్టరు చెప్పేశాడు."

అక్క తిట్టడం ఆపేసింది. సలోమి వంటింటి గుమ్మంలో గిన్నె పట్టుకుని నిలబడిపోయింది. ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు, ఇక్కడ కూడా రాసుకోలేదు. అన్నాక ఇక కూర్చోలేకపోయాను. నేల మీద పడి, చిన్నపిల్లాడిలా అక్క కాళ్లు పట్టుకుని ఏడ్చాను.